కిర్రుమన్న పలక

వర్క్‌షాపు వెనక గది,
జూన్, మొదటి ఆదివారం.

గౌరవనీయులైన అక్కకు,

నమస్కారం. క్షేమ సమాచారాలను చివరికి వాయిదా వేసి ముందు ముఖ్యమైన సంగతి వ్రాస్తున్నాను. పాపను డాన్సు క్లాసులో చేర్చాము.

నువ్వు నవ్వుతావని తెలుసు. నేనూ మొదట ఒప్పుకోలేదు. పాపకు ఆటిజం ఉన్నదని తెలిసిన నాటి నుంచి మేము ఎక్కని గడప లేదు. మాటలు నేర్పేవారు, వేళ్లతో పని నేర్పేవారు, అందరూ మంచివారే. కానీ ప్రతిచోటా ఎవరో ఒకరు ఎదురుగా కూర్చుని "ఇది చెయ్యమ్మా" అంటారు. పాప గోడవైపు తిరుగుతుంది. ఎనిమిదేళ్ల పిల్లకు లోకమంతా తనకు పరీక్ష పెడుతున్నట్టు ఉంటుంది కాబోలు. ఈ క్లాసు సంగతి నీ మరదలు పనిచేసే బేకరీకి రొట్టె కొనడానికి వచ్చే ఒక తల్లి చెప్పిందట. అక్కడ డాన్సు నేర్పరట, డాన్సుతో చికిత్స చేస్తారట. తేడా ఏమిటని అడిగితే నీ మరదలు, "మీరే వెళ్లి చూసొచ్చి నాకు చెప్పండి" అన్నది. ఆమెది తెల్లవారుజాము షిఫ్టు గనుక శనివారం పాపకు తోడు వెళ్లే బాధ్యత నాది.

హాలు ఒక పాత గిడ్డంగి మేడమీద ఉన్నది. చెక్క నేలలు పరిచేవాణ్ణి గనుక అడుగు పెట్టగానే మనుషులకంటే ముందు నేలను చూశాను. ఎవరో ఓపికగా చేసిన పని. కిటికీ పక్కన ఒక్క పలక మాత్రం వదులై, తొక్కితే కిర్రుమంటున్నది. క్లాసులో ఆరుగురు పిల్లలు. డాన్సు మేడం జుట్టు కత్తిరించుకున్న సన్నని మనిషి, చెప్పులు లేకుండా తిరుగుతారు. గంటసేపట్లో ఆమె ఎవరికీ ఏమీ నేర్పలేదు. పాప గోడవైపు తిరిగి ఊగుతుంటే, ఆమె కూడా పక్కనే గోడవైపు తిరిగి ఊగారు. నేను గుమ్మంలో కూర్చుని కాగితం మీద నా సందేహాలు వ్రాసుకున్నాను:

ఒకటి, ఇది డాన్సేనా. రెండు, గోడవైపు తిరగడం మాన్పించడానికి వచ్చి మనమూ తిరిగితే ఎట్లా. మూడు, మేడంకు కళ్లు తిరగవా.

మొదటి రెండూ మర్యాదగా అడిగాను. ఆమె నవ్వి, "ఇన్నాళ్లూ అందరూ పాపని మనలాగా చెయ్యమన్నారు కదా సార్. కొన్నాళ్లు మనం పాపలాగా చేద్దాం. అప్పుడైనా తన కంటికి మనం ఆనతామేమో" అన్నారు.

నాకు గొప్ప ఆశలు లేవు అక్కా. మాటలు రాకపోయినా ఫరవాలేదు. పాప తనంతట తాను ఒక్కసారి ఇంకొకరివైపు తిరిగి, వారితో కలిసి ఒక పని చేయాలి. అది ఎంత చిన్న పనైనా సరే. ఇంతకుమించి ఏ కోరికా లేదు.

ఫోను చేయవద్దు. గంట మోగితే పాప బల్ల కిందికి వెళుతున్నది. ఉత్తరమే వ్రాయి.

ఇట్లు,
నీ తమ్ముడు


ఎముకల వార్డు, నర్సుల గది,
జూన్.

ఒరేయ్ కొలబద్దా,

"గౌరవనీయులైన" అని చూసి ఏ ఆఫీసు నుంచో నోటీసొచ్చిందనుకుని కంగారుగా కళ్లజోడు వెతుక్కున్నాను. నీళ్లు పోసి పెంచినదాన్ని, ఆ మాత్రం చనువుగా రాయలేవూ?

డాన్సు క్లాసు మంచి పని. ఆ మేడం నాకు నచ్చింది. నీ మూడో సందేహం కూడా అడగాల్సింది, నాకూ తెలుసుకోవాలనుంది.

ఇంతకీ క్షేమ సమాచారాలు చివర్లో రాస్తానన్నావు. ఏవీ? నీ మోకాలు సంగతి తప్పించుకోవడానికేగా? కూర్చుని లేచినప్పుడల్లా టక్కుమంటోందని మరదలు ఎప్పుడో రాసింది. రోజంతా నేలమీద గొంతుక్కూర్చునే పని నీది. ఎముకల వార్డు హెడ్ నర్సు తమ్ముడు రేపు కుంటుకుంటూ ఇక్కడికే వస్తే నా పరువేం కాను? పొద్దున్నా సాయంత్రం నూనె రాసి, నేను గీసి పంపిన కసరత్తులు చెయ్యి. గీసిన బొమ్మల్ని నిశితంగా పరిశీలించడం కసరత్తు కాదు.

నాకూ రావాలనే ఉంది రా. కిందటిసారి గుమ్మంలోనే "బొంగరం!" అని పిలిచాను. గిరగిరా తిరిగే పిల్లని ఇంకేమని పిలవను? రెండు చెవులూ మూసుకుని మంచం కింద దూరింది. నేనున్న రెండ్రోజులూ బయటికి రాలేదు. వార్డు ఈ చివర నుంచి ఆ చివరకి కేకలేసి కేకలేసి నా గొంతు ఇలా తయారైంది. నెమ్మదిగా మాట్లాడ్డం వచ్చాకే వస్తాను. సాధన చేస్తున్నాలే. నిన్న ఒకాయన చెవిలో గుసగుసగా "మాత్ర వేసుకోండి" అన్నాను. "నిజం చెప్పమ్మా, నాకేమైంది?" అని ఏడుపు మొహం పెట్టాడు.

నీ అక్క


వర్క్‌షాపు వెనక గది,
జూలై, రెండవ ఆదివారం.

ప్రియమైన అక్కకు,

ఈ ఉత్తరం వ్రాసే ముందు చేతులు రెండుసార్లు కడుక్కున్నాను. కారణం లేదు, సంతోషంతో ఏం చేయాలో తెలియక.

కొన్ని వారాలుగా పాప గోడ వదిలి కిటికీ దగ్గరకు చేరుతున్నది. అక్కడ మడమతో నేలను ఒక్క తొక్కు తొక్కుతుంది. తల వంచి ఆగుతుంది. తరువాత రెండు చేతులూ రెక్కల్లా ఎత్తి ఒక చుట్టు తిరుగుతుంది. మళ్లీ తొక్కుతుంది. మేడం పక్కన నిలబడి అదే చేస్తారు: తొక్కడం, ఆగడం, తిరగడం. ఒకరి నీడ ఒకరన్నట్టు ఉంటారు.

నిన్న పాప తొక్కబోయి కాలు ఎత్తి ఆపింది. మేడం కూడా ఆగారు. పాప కాలు దించి, ఆమె కాలివైపు చూసి, ఎదురుచూసింది. నీకు అర్థమైందా అక్కా? ముందు మీరు కానివ్వండి అన్నట్టు ఎదురుచూసింది. మేడం తొక్కారు. పాప తలెత్తి ఆమె ముఖంలోకి చూసి నవ్వింది. ఇద్దరూ కలిసి తిరిగారు.

నేను గుమ్మంలో నీళ్ల సీసా మూత తిప్పుతూ ఉండిపోయాను. అది ఎప్పుడో బిగిసిపోయింది. తరువాత నీ మరదలు బలమంతా ఉపయోగించి తీయవలసి వచ్చింది.

ఇంత మేలు చేసినవారికి నా చేతనైనది ఏదైనా చేయాలని నిశ్చయించుకున్నాను. పాప డాన్సు చేసే చోటనే ఆ వదులు పలక ఉన్నది. అంత చక్కటి డాన్సుకు ఆ పాడు కిర్రు అడుగడుగునా అడ్డు తగులుతున్నది. నేలలు పరిచేవాడు గుమ్మంలో కూర్చుని ఆ చప్పుడు వినవలసి రావడమంటే, వంటవాడి కళ్లముందు అన్నం మాడడమే. వచ్చే వారం దాని సంగతి చూస్తాను.

మోకాలు బాగానే ఉన్నది.

నీ తమ్ముడు


ఎముకల వార్డు, నర్సుల గది,
జూలై.

ఒరేయ్ కొలబద్దా,

నీ ఉత్తరం వార్డులో అందరికీ చదివి వినిపించాను. నా గొంతు సంగతి తెలుసుగా, పక్క వార్డు కూడా విన్నది. రెండు కాళ్లకీ కట్టు కట్టించుకున్న ముసలాయన ఒకడు చేత్తో మంచంపట్టె మీద కొట్టి, చెయ్యి గాల్లో గిర్రున తిప్పాడు. మీ బొంగరం డాన్సు ఇక్కడ కూడా మొదలైంది.

పలక జోలికి ఎందుకురా? ఆ మేడంని అడిగి చెయ్యి. అప్పుడెప్పుడో నా కుట్టుమిషను కూడా ఇలాగే బాగుచేస్తానని మొత్తం విప్పావు. ఇప్పుడు భేషుగ్గా నడుస్తోంది, కాదనను. కానీ అది నా మిషను కాదు. ఎవరిదో కొత్త మిషను.

"మోకాలు బాగానే ఉన్నది" అంటే నూనె రాయట్లేదని అర్థం.

నీ అక్క


వర్క్‌షాపు వెనక గది,
జూలై చివర.

ప్రియమైన అక్కకు,

పని పూర్తయింది. మేడం రెండు వారాలు సెలవు మీద వెళ్లారు. తిరిగి వచ్చేసరికి ఆశ్చర్యపరచాలని ఆమెకు చెప్పలేదు. హాలు కాపలాదారును అడిగి తాళం తీసుకున్నాను. పలక ఎత్తి, అరిగిన మేకులు పీకి, కింది దూలానికీ పలకకూ నడుమ సందులో సన్నని బద్ద దూర్చి, స్క్రూలు బిగించి, తలలు కనబడకుండా పూడ్చి నునుపు చేశాను. కాపలాదారు దానిమీద గంతులు వేసి చూశాడు. "ఏ పలకో కనిపెట్టలేకపోతున్నానండీ" అన్నాడు. ఇరవై ఏళ్ల నా వృత్తిలో ఇంత నిశ్శబ్దమైన అతుకు మరొకటి వేయలేదు.

నీ తమ్ముడు


ఇల్లు,
ఆగస్టు, మూడవ ఆదివారం.

అక్కా,

నీ జవాబు రాకముందే మళ్లీ వ్రాస్తున్నాను. మనసు బాగాలేదు.

పాప డాన్సు మానేసింది. మొదటి శనివారం మామూలుగా కిటికీ దగ్గరకు వెళ్లింది. మడమతో తొక్కింది, తల వంచింది, చేతులు ఎత్తకుండా అట్లాగే నిలబడింది. మళ్లీ గట్టిగా తొక్కింది. రెండు కాళ్లతో ఎగిరింది. తరువాత నేలకు చెవి ఆనించి పడుకున్నది. మేడం బదులుగా వచ్చిన అమ్మాయి కూడా పక్కన పడుకున్నది గానీ పాప ఆమెవైపు చూడనే లేదు. లేచి గోడ దగ్గరకు వెళ్లిపోయింది. మరుసటి వారం కూడా అంతే. మేడం సెలవు ముగించుకుని నిన్న వచ్చారు. పాప మెట్లే ఎక్కలేదు. కింది మెట్టు మీద కూర్చుని కడ్డీ పట్టుకున్నది. వేళ్లు విడిపించడానికి నాకు మనసొప్పలేదు.

కారణాలు ఆలోచించాను. కొత్త అమ్మాయి వచ్చినందుకా, కిటికీ తెర మార్చినందుకా, చెప్పులు కొత్తవైనందుకా. తెర పాతది వేయించాను, చెప్పులు పాతవి తొడిగాను. ఫలితం లేదు. కనీసం నేలకు వంక పెట్టడానికి వీల్లేదు. పాప అంత గట్టిగా తొక్కినా చిన్న చప్పుడైనా రాలేదు.

అంతకుముందు నవ్వని పిల్ల నవ్వకపోతే ఒక తీరు. ఒకసారి నవ్వి, ఎదురుచూసి, మళ్లీ గోడవైపు తిరిగింది. అది చూడలేకపోతున్నాను. నీ మరదలు షిఫ్టు నుంచి వచ్చి పాప పక్కన గోడవైపు తిరిగి కూర్చుంటున్నది.

నీ తమ్ముడు


ఎముకల వార్డు, నర్సుల గది,
ఆగస్టు.

ఒరేయ్ నాన్నా,

తిడదామని కూర్చున్నాను, నీ చివరి మాటలు చదివి తిట్టలేకపోతున్నాను. జాగ్రత్తగా విను.

పిల్ల ఏం చేసేదని రాశావు? తొక్కేది, తల వంచేది, తర్వాత తిరిగేది. తల ఎందుకు వంచేదిరా? వినడానికి. ఏం వినడానికి? అంత హాల్లో అక్కడికే ఎందుకు వెళ్లేది? నేలకి చెవి ఎందుకు ఆనించింది?

నీకు అది పాడు చప్పుడు. దానికి అది జవాబు. అడిగితే పలికేది ఆ పలక ఒక్కటేరా. నువ్వు బుద్ధిగా వెళ్లి, ఎంతో చక్కగా, దాని నోట్లో స్క్రూలు బిగించి వచ్చావు.

ఇందులో నీ మంచితనం తప్ప తప్పేమీ లేదు. వెళ్లి విప్పెయ్. ఈ జన్మలో ఒక్కసారి చెత్తగా పని చెయ్యి.

నీ అక్క


ఇల్లు,
సెప్టెంబరు, రెండవ ఆదివారం.

అక్కా,

నీ ఉత్తరం నిలబడి చదవడం మొదలుపెట్టి, కూర్చుని ముగించాను. అదే సాయంత్రం మేడం దగ్గరకు వెళ్లి అంతా చెప్పాను. ఆమె, "తను నాతో ఆడుతోందనుకున్నాను సార్. మేమిద్దరం కలిసి ఆ పలకతో ఆడుతున్నామన్నమాట" అని, తరువాత నవ్వు ఆపుకోలేక నేలమీద కూర్చుండిపోయారు. కోపగించి ఉంటే నాకు తేలికగా ఉండేది.

విప్పడం తేలికే. స్క్రూలు తీశాను, బద్ద లాగాను, పాత మేకులు వెతికి తెచ్చి పాత రంధ్రాల్లోనే దించాను. చప్పుడు రాలేదు. ఒక మేకు వదులు చేశాను. తలుపు మూసినట్టు దబ్బున మోగింది. దూలం అంచు కాస్త చెక్కాను. పిల్లి అరిచినట్టు అరిచింది. ఇరవై ఏళ్లుగా నేలల నోరు మూయించడమే నా జీవనోపాధి. నేలను మాట్లాడించడం నాకు తెలియదు. నా అవస్థ చూసి నీ మరదలు, "చెడగొట్టేటప్పుడు కూడా కొలతలు వేసుకుని చెడగొడుతున్నారు మీరు. అందుకే కుదరట్లేదు" అన్నది.

క్లాసు లేని రోజున పాపను ఊరికే నా పని దగ్గరకు తీసుకురమ్మన్నారు మేడం. పిల్లలెవరూ లేరు గనుక మెట్లెక్కింది. చిత్రిక పట్టిన చెక్క చుట్టలంటే దానికి ఇష్టం. అవి వేళ్లకు తొడుక్కుంటూ దూరంగా కూర్చున్నది. నేను సరిచేసిన ప్రతిసారీ వచ్చి మడమతో ఒక్కసారి తొక్కి, వెంటనే వెళ్లిపోయేది. అంత కఠినమైన తనిఖీ నేను ఏ మేస్త్రీ దగ్గరా చూడలేదు. చివరకు సుత్తి కింద పడేశాను. "నావల్ల కాదు మేడం" అని లేచాను.

మోకాలు టక్కుమన్నది.

పాప తల తిప్పింది. వేళ్లకున్న చెక్క చుట్టలు రాలిపోతున్నా పట్టించుకోకుండా నా దగ్గరకు వచ్చి, మోకాలి వంక చూసింది. తరువాత నా భుజం మీద చెయ్యి వేసి కిందికి నొక్కింది. నేను గొంతుక్కూర్చున్నాను. అది తల వంచి ఆగింది. లేచాను. టక్.

రెండు చేతులూ ఎత్తి ఒక చుట్టు తిరిగింది.

మళ్లీ భుజం మీద చెయ్యి. నేను తెల్లబోయి మేడంవైపు చూస్తే, "నన్నెందుకు చూస్తారు సార్, పిలిచింది మిమ్మల్ని. తనతో కూడా తిరగండి" అన్నారు. డాన్సు అన్నది నా పెళ్లిలో కూడా చేయలేదని మనవి చేసుకున్నాను. "తొందరగా సార్, ఎదురుచూస్తోంది" అన్నారు. తిరిగాను. ముందు గోడకు తగిలాను. పాప నా ముఖంలోకి చూసి నవ్వింది.

ఎన్నిసార్లు కూర్చుని లేచానో లెక్క పెట్టలేదు. నేను లెక్క పెట్టని సంగతి నీకు చెప్పడం ఇదే మొదలు.

నీ తమ్ముడు


ఎముకల వార్డు, నర్సుల గది,
సెప్టెంబరు.

ఒరేయ్ డాన్సరూ,

కళ్లు తుడుచుకుని రాస్తున్నాను, అక్షరాలు అటూ ఇటూ పోతే సర్దుకో.

ముందు వృత్తిధర్మం. నొప్పి ఉందా? వాపు ఉందా? రెండూ లేకపోతే ఉత్త చప్పుడుతో ప్రమాదం లేదు. మా డాక్టరుగారిని కూడా అడిగాను. ఉంటే మాత్రం ఆపేసి చూపించుకో, పిల్ల కోసమని దాచావో వచ్చి కాలు విరిచి నేనే కట్టు కడతాను. ఇంకపోతే ఇన్నాళ్లూ చెప్పిన కసరత్తు రోజుకి పది గుంజీలు. బొంగరం నీ చేత వంద తీయించింది. నాకు రాని విద్య దానికి వచ్చింది.

నూనె విషయంలో నోరు మూసుకుంటున్నాను.

నీ అక్క


ఇల్లు,
అక్టోబరు చివర.

అక్కా,

నొప్పి లేదు, వాపు లేదు. ఇప్పుడు ప్రతి శనివారం క్లాసులో నాకూ చోటు ఉన్నది. చెప్పులు గుమ్మంలో విప్పి లోపలికి వెళుతున్నాను. ఎప్పుడూ చేతులు ఊపుతుండే ఒక అబ్బాయి కూడా నాతోపాటు కూర్చుని లేస్తున్నాడు. నీ మరదలు సెలవు పెట్టి ఒకసారి చూడడానికి వచ్చింది. "ఇన్నేళ్ల కాపురంలో మీ నడుము వంగుతుందని నాకు తెలియనే తెలియదు" అని నలుగురిలో అన్నది. ఆ పలక ఇప్పుడు పిల్లిలా అరుస్తున్నది, అట్లాగే వదిలేశాను. ఒక్కోసారి పాప దారిన పోతూ దానినీ పలకరిస్తుంది.

నిన్నటి సంగతి నీకు చెప్పాలి. ఇన్ని వారాల కసరత్తుతో నువ్వు కోరినట్టే అయింది. పాప భుజం నొక్కింది, కూర్చున్నాను, లేచాను. మోకాలు పలకలేదు. మళ్లీ కూర్చుని లేచాను. లేదు. పాప తల వంచుకుని ఎదురుచూస్తున్నది. నాకు ఆ ఆగస్టు శనివారమే కళ్లముందు ఆడింది. మెట్టు మీద కడ్డీ పట్టుకున్న ఆ వేళ్లే గుర్తొచ్చాయి. నేను మూడోసారి కూర్చుని, లేవడానికి ధైర్యం చాలక అట్లాగే ఉండిపోయాను.

అప్పుడు పాప వంగి నా మోకాలి మీద చెయ్యి వేసింది. నా ముఖంలోకి చూసింది. చూసి, నాలుక అంగిటికి ఆనించి, తానే "టక్" అన్నది.

నేను లేచాను. ఇద్దరం తిరిగాము.

ఇంకేమీ వ్రాయలేను. కాగితం చాలానే మిగిలి ఉన్నది.

తమ్ముడు


ఎముకల వార్డు, నర్సుల గది,
నవంబరు మొదట.

కన్నా,

వారం రోజులు సెలవు పెట్టాను. శుక్రవారం సాయంత్రం బండికి వస్తున్నాను. గుమ్మంలో నన్ను ఎవరూ పలకరించొద్దు, నేనూ ఎవర్నీ పలకరించను. నోరు విప్పితే నన్ను అడుగు.

మీకెవరికీ ఇంతవరకూ చెప్పలేదు, హెడ్ నర్సుని కాబట్టి సిగ్గేసింది. వంగి లేస్తే నా నడుము రెండుసార్లు పలుకుతుంది. ఒకటి సన్నగా, ఒకటి బొంగురుగా. శనివారం కిటికీ పక్కన నాకూ కొంచెం చోటు ఉంచమని మేడంతో చెప్పు.

అక్క